చేతిలో పిండిముద్ద, నోట్లో తెలుగు మాట
మూడేళ్ల లోపు పిల్లలతో ఇంట్లో చేయదగిన చిన్న చిన్న చేతిపనులు

పిల్లలకు ఏ వయసు నుంచి తెలుగు నేర్పించాలి, సంఘం తరగతికి ఎప్పుడు తీసుకురావాలి అని బరంపురంలో మా తెలుగు సంఘానికి వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. అక్షరాల తరగతికైతే అయిదేళ్లు నిండాక తీసుకురండి అని చెబుతాం. మాట సంగతి అడిగితే మాత్రం అంతకాలం ఆగవద్దంటాం. ఏడాదిన్నర నిండేసరికి పిల్ల చేతికి ఒక పిండిముద్దో, పాత కాగితమో ఇచ్చి, పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడండి అంటాం. ఆ పక్కన కూర్చునేది తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ అయితే మరీ మంచిది.

ఈ సమాధానం విని కొందరు నవ్వుతారు. పిండిముద్దకూ తెలుగుకూ సంబంధం ఏమిటని అడుగుతారు. ఆ సంబంధాన్ని, ఇంట్లో సులువుగా చేయదగిన పనులను, వాటిలో పాటించవలసిన జాగ్రత్తలను ఒకచోట రాసి పెడితే అందరికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా పోయే మాటలు

మన ఇళ్లలో తెలుగు తగ్గిపోయే తీరులో ఒక క్రమం కనబడుతుంది. బంధువుల పిలుపులు చాలాకాలం నిలబడతాయి. ఇంట్లో ఒడియా ఎక్కువైపోయినా మామయ్య మామయ్యగానే, పిన్ని పిన్నిగానే ఉంటారు. పప్పు, పులుసు, పచ్చడి వంటి తిండి పేర్లు కూడా నిలబడతాయి. ముందుగా జారిపోయేవి చేతిపనికి సంబంధించిన క్రియలు. వాటి స్థానంలో "చెయ్యి" అనే ఒక్క మాట వచ్చి కూర్చుంటుంది. కట్ చెయ్యి, ప్రెస్ చెయ్యి, మిక్స్ చెయ్యి, పేస్ట్ చెయ్యి, ఓపెన్ చెయ్యి. వాక్యం తెలుగులాగే వినబడుతుంది గానీ అందులో తెలుగు మిగిలింది చివరి మాట ఒక్కటే.

ఒక్క ఉదాహరణ చూడండి. ఒకదాని నుంచి ఒకటి వేరుచేయడానికి మన పెద్దవాళ్లు ఎన్ని మాటలు వాడతారు! కాగితాన్ని చింపుతాం. పువ్వును కోస్తాం. దారాన్ని తెంపుతాం. చిక్కుడుకాయను తుంచుతాం. పుల్లను విరుస్తాం. పిండిలోంచి కొంచెం గిల్లుతాం. అరటిపండును ఒలుస్తాం. మునగాకును దూస్తాం. ఎనిమిది పనులకు ఎనిమిది మాటలు. చేతివేళ్లు చేసే కదలిక మారితే మాట మారుతుంది. ఇవి పుస్తకం చూసి నేర్చుకునేవి కావు. వేళ్లు ఆ పని చేస్తుండగా చెవిలో ఆ మాట పడాలి. పిల్లలు వేళ్లతో లోకాన్ని తెలుసుకునే కాలం ఏడాది నుంచి మూడేళ్ల మధ్య. అందుకే ఆ వయసులో చేతిపనికి ఇంత విలువ ఇస్తున్నాం.

"కట్ చెయ్యి" తెలుగు హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ ఉన్నదే. అయితే అక్కడి పిల్లవాడు ఇంట్లో వినని మాటను వీధిలోనో, కూరగాయల బజారులోనో, బస్సులోనో వింటాడు. మన పిల్లలకు వీధిలో వినబడేది ఒడియా, కన్నడం, తమిళం లేదా మరాఠీ. అవి మన భాషలు కూడా అయ్యాయి, వాటిని పిల్లలు బాగా నేర్చుకోవలసిందే. తెలుగుకు మాత్రం మనకు ఇల్లు ఒక్కటే చోటు. ఇంట్లో వినబడని మాట మన పిల్లలకు మరెక్కడా వినబడదు.

2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటిభాషలో బోధన ఉండాలని చెప్పింది. మంచి మాటే. విధానంలో రాసినంత మాత్రాన మన వీధి ప్లేస్కూలుకు తెలుగు టీచరు రారు. మన చేతిలో ఉన్నది మన ఇంటి వసారా, మన వంటిల్లు.

మొదలుపెట్టే ముందు

ఏడాది దాటిన పిల్లలు వస్తువును గిన్నెలో వేయడం, తీయడం, మళ్లీ వేయడం ఇష్టంగా చేస్తారు. ఏడాదిన్నరకు కాగితం చింపుతారు, సుద్దతో పిచ్చిగీతలు గీస్తారు. రెండేళ్లకు పిండి పిసుకుతారు, జిగురు పూసి అంటిస్తారు. రెండున్నర, మూడేళ్ల మధ్య పెద్ద రంధ్రంలో తాడు దూర్చడం, కాగితం మడవడం వస్తాయి. అందరికీ ఒకేసారి రావు. పక్కింటి పిల్లతో పోల్చవలసిన పని లేదు.

ఒక పనికి పది నిమిషాలు చాలు. అయిదు నిమిషాలకే లేచి పోతే పోనివ్వండి. కడుపు నిండి, నిద్ర తీరిన సమయం చూసుకోండి. నేల మీద పాత చీరో, పాత వార్తాపత్రికో పరచండి. పక్కనే తడిగుడ్డ ఒకటి పెట్టుకోండి. పాత చొక్కా తొడగండి, ముఖ్యంగా పసుపు వాడే రోజున. తయారైన వస్తువు అందంగా ఉందా లేదా అన్నది ఈ వయసులో లెక్కలోకి రాదు. పిల్ల చేతిలోంచి లాక్కుని పెద్దవాళ్లు సరిదిద్దితే ఆ పూటకు ఆట ముగిసినట్టే.

ఒక్కో పని కింద ఆ పనిలో దొర్లే మాటలు రాశాం. అన్నీ ఒకే రోజు వాడనక్కర్లేదు. రోజుకు రెండు మూడు చాలు.

1. కాగితం చింపడం (ఏడాదిన్నర నుంచి)

ఖర్చు లేని పని. పాత పత్రికలు, మిఠాయి పెట్టెల లోపలి కాగితం, వాడిన కవర్లు ఇవ్వండి. అంచున పెద్దవాళ్లు కొంచెం చీల్చి ఇస్తే పిల్లలు మిగతాది పర్రుమని చింపుతారు. ఆ చప్పుడే వాళ్లకు ఆట. చింపిన ముక్కలను నలిపి ఉండ చుట్టి, బుట్టలోకి విసరమనండి. మరుసటి రోజు అవే ముక్కలను జిగురుతో అట్టముక్క మీద అంటించవచ్చు. చేపబొమ్మ గీసి ఇస్తే ముక్కలు పొలుసులవుతాయి.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిన్న మంట మీద చిక్కబడేదాకా కలియబెట్టి, బాగా చల్లారాక వాడండి. ఒక పూటకు సరిపోతుంది. మర్నాటికి పులిసిపోతుంది గనుక మిగిలింది పారేయండి.

మాటలు: చింపు, చీల్చు, నలుపు, ఉండ చుట్టు, విసురు, ఏరు, పూయి, అంటించు.

2. పిండిముద్ద (రెండేళ్ల నుంచి)

బజారులో రంగురంగుల డబ్బాలలో అమ్మే ముద్దకు బదులు ఇంట్లో చపాతీ పిండి సరిపోతుంది. ఒక కప్పు గోధుమపిండి, రెండు చెంచాల ఉప్పు, ఒక చెంచా నూనె, తగినన్ని నీళ్లు. చేతికి అంటుకోకుండా వచ్చేదాకా కలపండి. మూడు ముద్దలు చేసి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఒకదాంట్లో పాలకూర రసం కలిపితే మూడు రంగులు వస్తాయి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు ఆడుకోవచ్చు. పచ్చిపిండి, అందులోనూ ఉప్పు కలిపింది, తినకూడదు. నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోని పిల్లలకు ఈ పని కొన్నాళ్లు వాయిదా వేయండి.

పాము, లడ్డు, జంతిక, గాజు, దోసె. ఈ అయిదూ చాలు. పామును రెండు అరచేతుల మధ్య దొర్లిస్తే వస్తుంది. పామును చుడితే జంతిక. రెండు కొసలు కలిపితే గాజు. లడ్డూను అదిమితే దోసె. ఒకే ముద్ద అయిదు రూపాలు ఎత్తుతుంటే పిల్లలు ఎంతసేపైనా చూస్తారు. చివరికి ఒక పాత గరిటె, ఒక గిన్నె ఇస్తే వంట మొదలవుతుంది. ఆ వంటలో తాతయ్యకు తప్పనిసరిగా భోజనం పెట్టించుకోవాలి.

మాటలు: పిసుకు, అదుము, ఒత్తు, దొర్లించు, గిల్లు, చిదుము, సాగదీయి, మెత్తగా, గట్టిగా, జిగటగా.

3. కూరగాయల ముద్రలు (రెండేళ్ల నుంచి)

బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే కాగితం మీద పువ్వు పడుతుంది. కాకరకాయ కోస్తే పళ్లచక్రంలా, ఉల్లిపాయ కోస్తే వలయాల్లా, బంగాళదుంప కోస్తే చందమామలా పడతాయి. తొడిమ వైపు చెయ్యి పట్టుకోవడానికి పొడవుగా ఉంచండి. కోసేది పెద్దవాళ్లు. కత్తి, కత్తిపీట ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఉల్లిపాయ ముక్కను కోసిన వెంటనే ఇవ్వకండి, కళ్లు మండుతాయి.

రంగుకు పైన చెప్పిన మైదా జిగురులోనే పసుపో, బీట్‌రూట్ రసమో కలిపి పళ్లెంలో పలుచగా పోయండి. పండగల్లో అమ్మే రంగులపొడి, గోడలకు వేసే రంగు పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇందులోనే ఒక చిన్న వింత ఉంది. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. బట్టల సబ్బు కలిపిన నీళ్లలో దూదిని ముంచి పెద్దవాళ్లు దాని మీద గీతలు గీస్తే అవి ఎర్రగా మారతాయి. సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. పారాణి ఎర్రగా ఉండేదీ అందుకే, అందులో పసుపుతో సున్నం కలుస్తుంది. అలాగని పిల్లలతో సున్నం మాత్రం వాడవద్దు. చర్మాన్నీ, కంటినీ కాలుస్తుంది.

మాటలు: ముంచు, అద్దు, ఆరబెట్టు, తుడువు, అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా.

4. పిడికిలి పాదాలు (రెండేళ్ల నుంచి)

కృష్ణాష్టమికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా వేసే కృష్ణపాదాలు చాలామందికి తెలిసినవే. బియ్యప్పిండిని దోసెపిండి కంటే కాస్త పలుచగా నీళ్లతో కలపండి. పిల్ల చేతిని పిడికిలి బిగించి, చిటికెనవేలు వైపు అంచును పిండిలో ముంచి నేల మీద అద్దితే చిన్న అరికాలు పడుతుంది. పైన వేలి కొసతో అయిదు చుక్కలు పెడితే వేళ్లు. కుడిచేతితో ఒకటి, ఎడమచేతితో ఒకటి.

మా ఒడిశాలో ఈ పని ఏడాదిలో రెండుసార్లు చేయవచ్చు. మార్గశిర గురువారాలలో ఒడియావారు మాణబసా పూజకు ఇల్లు కడిగి బియ్యప్పిండితో ఝోటి వేస్తారు. అందులో లక్ష్మీపాదాలు ముఖ్యం. అదే నెలలో మన ఇళ్లలో మార్గశిర లక్ష్మివార వ్రతం చేసుకుంటారు. పక్కింటివారి ఝోటి, మన ముగ్గు ఒకే వసారాలో పిల్ల చేతి కింద పడితే అంతకంటే కావలసిందేముంది? చుక్కల ముగ్గు ఈ వయసుకు రాదు. చిటికెడు పిండి చల్లడం, చుక్క పెట్టడం వస్తాయి. అవి చాలు.

మాటలు: బిగించు, విప్పు, చల్లు, చుక్క పెట్టు, అలుకు, కుడి, ఎడమ, గుమ్మం, గడప.

5. ఆకులు ఏరడం, దూయడం (ఏడాదిన్నర నుంచి)

సాయంత్రం షికారుకు వెళ్లినప్పుడు చిన్న సంచి ఇచ్చి రాలిన ఆకులు ఏరమనండి. ఇంటికి వచ్చాక పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెట్టించండి. రావి, మామిడి, జామ, బాదం ఆకులు పిల్లల చేతికి బాగుంటాయి. ఆకు మీద పలుచని కాగితం వేసి మైనపు రంగు కడ్డీతో రుద్దితే ఈనెలు కాగితం మీదికి వస్తాయి. ఉగాదికి మామిడి తోరణం కట్టేటప్పుడు ఆకులు ఒక్కొక్కటే అందించే పని పిల్లలకు అప్పగించండి.

వంటింట్లో ఇదే రకం పని కరివేపాకు, మునగాకు దూయడం. రెమ్మను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కిందికి లాగితే ఆకులు చేతిలోకి వస్తాయి. సగం కింద పడతాయి, ఫర్వాలేదు. పిల్ల దూసిన ఆకు కూరలో పడిందని భోజనాల దగ్గర చెప్పండి.

మాటలు: ఏరు, దూయి, తుంచు, రాలు, రుద్దు, ఈనె, రెమ్మ, తొడిమ, చిగురు, పండుటాకు.

6. గుచ్చడం, దూర్చడం (రెండున్నరేళ్ల నుంచి)

పూసలు గుచ్చడం ఈ వయసుకు ప్రమాదం. వాటికి బదులు దర్జీ దగ్గర దొరికే ఖాళీ దారపు రీళ్లలో పెద్దవి, పాత లోహపు గాజులు వాడండి. గాజువి వద్దు. మందపాటి తాడు కొసకు చుట్టూ టేపు చుట్టి గట్టిపరిస్తే సులువుగా దూరుతుంది. తాడు జానెడున్నర మించి ఉండకూడదు, మెడకు చుట్టుకునే భయం ఉండదు. పని అయ్యాక తాడు తీసి దాచేయండి. గాజులను వేళ్లతో లెక్కపెడుతూ ఎక్కించి, దించడమే ఏడాది పిల్లలకైనా ఆట.

మాటలు: గుచ్చు, దూర్చు, లాగు, ముడి వేయి, విప్పు, ఎక్కించు, దించు.

7. అరటి దొప్ప పడవ (రెండేళ్ల నుంచి)

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడిశా అంతటా చెరువుల్లో, నదుల్లో, సముద్రతీరాన చిన్న పడవలు వదులుతారు. బొయిత బందాణ అంటారు. జావా, బాలి, సుమత్రా దీవులకు ఓడల మీద వర్తకానికి వెళ్లిన సాధబుల జ్ఞాపకం అది. మన తెలుగిళ్లలో ఆ నెలంతా కార్తీక దీపాలు, నెల ముగిసిన మర్నాడు పోలి పాడ్యమికి అరటి దొప్పల్లో దీపాలు వదలడం ఆచారం. రెండింటికీ కావలసింది అరటి దొప్పే.

జానెడు దొప్ప కోసి ఇస్తే పిల్లలు అందులో పూలు, ఆకులు, చిన్న కాగితపు జెండా సర్దుతారు. వాళ్ల పడవలో దీపం వెలిగించవద్దు. ఇంట్లో బేసినులో నీళ్లు పోసి వదిలించి, నోటితో ఊదమనండి. చెరువు గట్టుకు తీసుకెళ్తే చంకనే ఉంచుకోండి. బేసినులో నీళ్లు కూడా ఆట కాగానే పారబోయాలి. రెండు అంగుళాల నీళ్లయినా ఈ వయసు పిల్లలకు ప్రమాదమే.

మాటలు: తేలు, మునుగు, వదులు, ఊదు, నింపు, వంపు, ఒలుకు, అలలు, గట్టు.

8. మట్టి, ఇసుక (ఏడాదిన్నర నుంచి)

వినాయక చవితికి బంకమట్టి తెచ్చినప్పుడు గుప్పెడు పిల్లకు ఇవ్వండి. ఉండ్రం చేస్తే చాలు, ఎలుక చేస్తే గొప్ప. ఆ రోజు పత్రి కుప్ప మాత్రం అందకుండా పెట్టండి. ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటాయి. మొదటి రెండూ నోట్లో పెట్టుకుంటే విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే హాని.

గోపాల్‌పూర్ తీరానికి వెళ్లినప్పుడు ప్లాస్టిక్ బొమ్మలు కొనే బదులు ఇంటి నుంచి రెండు గిన్నెలు, ఒక చిల్లుల గరిటె, ఒక జల్లెడ పట్టుకెళ్లండి. తడి ఇసుకను గిన్నెలో కూరి బోర్లిస్తే ఇడ్లీ వస్తుంది. పిల్ల పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా పాదం తీస్తే పిచ్చుకగూడు.

మాటలు: తవ్వు, కూరు, బోర్లించు, వెల్లకిల, జల్లించు, కప్పు, తట్టు, దులుపు, పొడి, తడి.

9. కొబ్బరాకు బొమ్మలు (పెద్దలు చేసి ఇచ్చేవి)

బూర, గాలిపంకా, గడియారం, కళ్లజోడు, ఉంగరం. మా తరం వారికి ఇవి చేయడం చేతనవును. మన పిల్లల తల్లిదండ్రులలో చాలామందికి రాదు. ఈ వయసు పిల్లలు చేయలేరు గానీ, ఆకు చుట్టడం, మడవడం కళ్లార్పకుండా చూస్తారు. ఈనె తీసేసి ఆకు మాత్రమే ఇవ్వండి. ఈనె కంట్లో పొడుచుకుంటుంది. తాతలు తమ కొడుకులకు, కోడళ్లకు కూడా ఇవి ఒకసారి చూపించి పెట్టాలని మా మనవి.

మాట్లాడే తీరు

చేతిపని ఎంత బాగా ఏర్పాటు చేసినా పక్కన కూర్చున్నవారు ఫోను చూస్తుంటే మాట అందదు. మేము పాటించమని చెప్పేవి ఇవి.

పిల్ల చేస్తున్న పనిని మాటలో పెట్టండి. "పిసుకుతున్నావా? గట్టిగా పిసుకు. అమ్మమ్మ కూడా పిసుకుతోంది చూడు." ఒక్క మాట మూడుసార్లు మూడు రకాలుగా వినబడింది. ఇదేమిటి, అదేమిటి అని పరీక్షలు పెట్టకండి.

పిల్ల ఒడియాలోనో, ఇంగ్లీషులోనో చెబితే తప్పు అనకండి. ఆ మాటే తెలుగులో తిరిగి అనండి. "పేపర్ కట్ చెయ్యి" అంటే "ఆ, కాగితం చింపుదాం" అనండి. అంతే చాలు.

తెలుగులో జంటమాటల సొంపు వాడండి. గలగల, గరగర, జరజర, మెత్తమెత్తగా, చిన్నచిన్నగా. ఇవి పిల్లల నోటికి త్వరగా పడతాయి.

రెండు మూడు భాషలు వింటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్న భయం కొందరికి ఉంది. ఆ భయంతో ఇంట్లో తెలుగు మానేసినవారూ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని పిల్లల భాష గురించి పరిశోధించినవారు స్పష్టంగా చెప్పారు. ఒక భాషలో మాటలు తక్కువగా కనబడినా రెండు భాషలవీ కలిపి లెక్కించాలి. అలా లెక్కించినా రెండేళ్లకు "పాలు కావాలి" వంటి రెండు మాటలు కలిపి అనలేకపోతే పిల్లల వైద్యునికి చూపించండి, వినికిడి పరీక్ష చేయించండి. దానికోసం తెలుగు మానవలసిన అవసరం లేదు.

ఫోను సంగతి కూడా చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించడం మంచిది కాదని, రెండేళ్లు దాటినవారికి రోజుకు ఒక గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెలుగు పాటల వీడియో పెడితే తెలుగు వస్తుందనుకునేవారు ఒక విషయం గమనించాలి. వీడియో పిల్ల మాటకు బదులు పలకదు. నాయనమ్మ పలుకుతుంది.

తప్పనిసరి జాగ్రత్తలు

- టిష్యూ కాగితం చుట్ట మధ్య ఉండే అట్టగొట్టంలో దూరిపోయే వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. బొత్తాలు, పూసలు, చింతగింజలు, బఠాణీలు, శనగలు గొంతుకు అడ్డుపడతాయి.
- గురివింద గింజలు అందంగా ఉంటాయని పాత పెట్టెల్లో దాచుకున్నవారు ఉంటారు. నమిలితే ఒక్క గింజ కూడా ప్రాణం తీయగలదు. ఆముదపు గింజలు, పచ్చగన్నేరు కాయలు కూడా విషమే. ఇంట్లో ఉంటే తీసి పారేయండి.
- బొమ్మల్లో, రిమోటుల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే గొంతు లోపల కాలుతుంది. అనుమానం వస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.
- పని జరుగుతున్నంతసేపు పెద్దవారొకరు చేతికి అందే దూరంలో ఉండాలి. తలుపు కొట్టినా, ఫోను మోగినా పిల్లను వెంట తీసుకుని లేవండి.
- పని ముగిశాక సబ్బుతో చేతులు కడిగించండి. అదీ ఒక పాఠమే: తడుపు, రుద్దు, నురగ, కడుగు, తుడుచుకో.

కొనవలసి వస్తే

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న సంప్రదాయ బొమ్మలకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మలు, కర్ణాటకలో చన్నపట్నం బొమ్మలు అటువంటివి. ఏటికొప్పాకలో అంకుడు అనే చెట్టునే చన్నపట్నంలో ఆలె మర అంటారు. చెట్టు ఒకటే, పేర్లు రెండు. కొమ్ములు, మొనలు లేని పెద్ద బొమ్మలు ఎంచుకోండి. లక్కపిడతల్లోని చిన్న చిన్న గిన్నెలు, గరిటెలు మూడేళ్లు దాటాక ఇవ్వవచ్చు. తమిళనాడులో నవరాత్రి బొమ్మల కొలువు పెట్టేవారు కింది మెట్టు మీద పిల్ల చేసిన పిండిబొమ్మకు కూడా చోటు ఇవ్వండి.

చివరిగా ఒక పని

తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్యగా పేరుపడి, 1945లో మద్రాసు నుంచి 'బాల' పత్రిక మొదలుపెట్టిన న్యాయపతి రాఘవరావుగారు పుట్టింది మా బరంపురంలోనే. తెలుగుదేశానికి అంచున ఉన్న ఊళ్ల నుంచి పిల్లల కోసం మంచి పని జరగడం కొత్త కాదు.

పాఠకులకు మా విన్నపం ఒకటి. ఈ వారం మీ ఇంట్లో పెద్దవారిని వంటింట్లో కాసేపు గమనించండి. పిండి కలిపేటప్పుడు, ఆకు బాగుచేసేటప్పుడు, పూలు కట్టేటప్పుడు వారు వాడే క్రియలను ఒక కాగితం మీద రాయండి. హోసూరులో ఒక మాట ఉంటుంది, షోలాపూరులో మరొకటి, యానాంలో ఇంకొకటి. పుస్తకంలో లేదని కొట్టేయకండి, పలికినట్టే రాయండి. మాట పక్కన ఊరి పేరు, ఆ పని ఏమిటో ఒక వాక్యంలో రాసి ఈ పోర్టల్‌కు పంపండి. అన్నీ కలిపి పనుల వారీగా పట్టిక చేసే బాధ్యత మేము తీసుకుంటాం. పట్టిక తయారయ్యేదాకా ఆగకుండా, ఇవాళ సాయంత్రం పిల్ల చేతికి ఒక పాత కాగితం ఇచ్చి "చింపు" అనండి.